ఏడో గీత

మా ఆయన పేరు వీరరాఘవులు. ల్యాబులో అందరూ రాఘవ్‌జీ అనేవారు. వసంత్ కుంజ్ దగ్గర పెద్ద యూనివర్సిటీ ఉందే, దానికి వెనకవైపు ఒక పరిశోధన సంస్థ ఉంది. అందులో మొక్కల మీద పనిచేసే ల్యాబులో ఆయన ఇరవై ఆరేళ్లు ఉన్నారు. గాజుసామాను కడగడానికని చేరి, చివరికి పీహెచ్‌డీ చేసే పిల్లలే వచ్చి "రాఘవ్‌జీ, ఆజ్ మేరా జెల్ కర్ దీజియే", ఇవాళ నా జెల్ చేసిపెట్టండని బతిమాలే మనిషయ్యారు. ఆయన పోయి ఏడాదిన్నర అయింది. పరామర్శకి వచ్చినవాళ్లు ఎంత మంచివాడో అంటారు. మంచివాడే, కాదనను. నాకు మాత్రం ఎక్కువగా గుర్తొచ్చేది రెండువేల ఆరు మే నెలలో ఒక శనివారం. ఆ రోజు ఆయన మంచితనం పనికిరాలేదు. ఇంకేదో కావలసి వచ్చింది.

ముందు ఆయన పనేమిటో చెప్పాలి. ఆయన నాకు చెప్పినంతే నాకు తెలుసు. ఏ గింజనో నూరి తీసిన రసంలో ప్రొటీన్లు రకరకాలవి కలిసి ఉంటాయి, కంటికి కనబడవు. రెండు గాజుపలకల మధ్య సగ్గుబియ్యం జావలాంటిది పోసి పల్చటి పొరగా గడ్డకట్టిస్తారు. దాన్ని జెల్ అంటారు. దాని పై అంచున వరసగా చిన్న చిన్న గుంటలుంటాయి. వాటిల్లో రసం చుక్కలు వేసి కరెంటు పెడితే ప్రొటీన్లు కిందికి దిగుతాయి, చిన్నవి గబగబా, పెద్దవి నెమ్మదిగా. గంటన్నర పోయాక పలకలు విప్పితే ఏముంటుంది? ఏమీ ఉండదు, ఖాళీ జెల్. రంగు వేస్తేనే ఏది ఎక్కడ ఆగిందో గీతలు గీతలుగా బయటపడుతుంది. ఆ రంగు వేయడంలోనే ఆయన చెయ్యి తిరిగింది.

రోజూ వేసేది నీలం రంగు. దానికి తొందరేమీ లేదు, పొద్దున్న వేసి సాయంత్రం చూసుకోవచ్చు. రసం మరీ కొంచెమే ఉన్నప్పుడు మాత్రం వెండిరంగు వేయాలి. జెల్‌ని సిల్వర్ నైట్రేట్ నీళ్లలో నాననిచ్చి, కడిగి, డెవలపర్ అనే ఇంకో మందు పోస్తారు. పోసిన కాసేపట్లోనే గోధుమరంగు గీతలు పుడతాయి. పుట్టి ఊరుకోవు, ముదురుతూ పోతాయి. సమయానికి వెనిగర్ వాసన వేసే నీళ్లు పోసి ఆపకపోతే గీతలూ జెల్లూ కలిసిపోయి అంతా నల్లబడుతుంది. అలా నల్లబడినదాన్ని ఫొటోకి పనికొచ్చేలా బాగుచేయడం తన వల్ల కాదనేవారు ఆయన.

మరి ఎప్పుడు ఆపాలి? గడియారం చూసి ఆపకూడదట. మే నెల వేడికి ఒకలా ఉంటుంది, జనవరి చలికి ఒకలా ఉంటుంది. అందుకని పక్క వరసలో మార్కర్ అని కొని తెచ్చిన రసం వేస్తారు. అందులో ఏడు గీతలు రావాలని ముందే తెలుసు. ఆరు లావుగా వస్తాయి, అన్నిటికన్నా కింద ఉండే ఏడోది వెంట్రుకంత వస్తుంది. ఆ ఏడోది కనబడిన క్షణాన ఆపాలి. ముందే ఆపితే సన్నటివి దాగిపోతాయి, ఆలస్యమైతే నలుపు.

ఈ పనికి ఆయన ఒక కట్టుబాటు పెట్టారు. ట్రే ఎవరి చేతిలో ఉంటే చూపు వాళ్లదే. పక్కనున్నవాళ్లు నోరెత్తకూడదు. ఎప్పుడో ఇద్దరు పిల్లలు ఆయనకి చెరోవైపు నిలబడి ఒకడు "హో గయా", అయిపోయిందని, ఇంకొకడు "అభీ నహీ", ఇంకా లేదని అరిస్తే, ఆ గాభరాలో జెల్ జారి సింకులో పడిందట. అప్పట్నుంచి వెండిరంగు వేస్తున్నప్పుడు ఆ గదిలో ఎవరూ మాట్లాడరు. కొత్తగా చేరిన పిల్లలకి ఆయన మొదట నేర్పేది అదే.

ఆ ఏడు చలికాలంలోనే ఆయన చూపు తగ్గడం మొదలైంది. మొదట నేను పట్టించుకోలేదు. మజ్జిగ గ్లాసు పక్కన ఒలికితే పరధ్యానం అనుకున్నాను. తర్వాత మా ఇంటి దగ్గరి మయూర్ విహార్ బస్టాపులో ఒకరోజు కూరగాయలకని వెళ్తూ ఆగాను. ఆయన ఎక్కవలసిన బస్సు ముందునుంచే వెళ్లిపోయింది. ఆయన దాని వంకే చూస్తున్నారు, కదల్లేదు.

"ఏవండీ, అది మీ బస్సే కదా!"

"రద్దీగా ఉందని వదిలేశాను."

బస్సులో సగం సీట్లు ఖాళీ. ఆ మర్నాటి నుంచి ఏదో పని ఉందని చెప్పి నేనూ బస్టాపు దాకా వెళ్లేదాన్ని. బస్సు రాగానే "పదండి, వచ్చింది" అనేదాన్ని. ఎందుకంటున్నానో ఆయనకి తెలుసు, ఆయనకి తెలుసని నాకూ తెలుసు. ఒకసారి మెట్టు అందక తడబడితే కండక్టరు నవ్వి "అంకుల్, చష్మా బదల్ లో!", కళ్లజోడు మార్చుకోమన్నాడు. ఆయనా నవ్వారు. ఆ నవ్వు చూసి నాకు భయం వేసింది.

డాక్టరుకి చూపించుకుందామంటే దాటేసేవారు. "కళ్లు పోయాయని తెలిస్తే నన్ను స్టోరులో కూర్చోబెడతారే. డబ్బాలు లెక్కపెట్టుకుంటూ కూర్చోనా? ఇంకా రెండేళ్లుంది రిటైర్మెంటుకి. ఎవరికీ చెప్పకు" అన్నారు. నేను చెప్పలేదు.

భానుశ్రీ అని వరంగల్ పిల్ల ఆ ల్యాబులో ఐదో ఏడు పరిశోధన చేస్తోంది. హాస్టల్లో రాజ్మా తినలేక ఆదివారాలు మా ఇంటికి వచ్చేది. పుల్లటి పప్పు చేస్తే గిన్నె ఖాళీ అయ్యేది. దాని పరిశోధన అడవికంది గింజల మీద. ఆ గింజలోని ఏదో ఒక ప్రొటీన్ వల్ల పురుగు దాన్ని ముట్టదట. ఆ ఒక్కదాన్నే విడదీసి, ఇదిగో ఇందులో ఇంకేమీ కలవలేదు అని జెల్ ఫొటోతో చూపించాలి. దాని వరసలో ఒకే ఒక్క గీత రావాలి. మూడు వారాలు చలిగదిలో స్వెట్టరేసుకుని కూర్చుని విడదీసింది. ఏప్రిల్లో కరెంటు పోయి, జనరేటరు పట్టుకోక, ఫ్రీజరు కరిగి చాలా భాగం పాడైపోయింది. చివరికి రెండు జెల్‌లకి సరిపడా మిగిలింది, అంతే. ఆ రెండూ పాడైతే మళ్లీ ఆ కంది కాయలు కాసే దాకా ఆగాలి, అంటే జనవరి. ఆ పిల్లకి ఇచ్చిన గడువు జూలైతో సరి. ఐదేళ్ల చదువు మధ్యలో ఆగిపోతుంది.

మొదటి జెల్‌కి మే మొదట్లో మా ఆయనే వెండిరంగు వేశారు. ఆ సాయంత్రం చెప్పులు కూడా విప్పకుండా వచ్చి మంచం మీద కూర్చున్నారు.

"నల్లబడిపోయిందే" అన్నారు.

"ఏది?"

"ఆ పిల్లది. ఏడోది ఇంకా రాలేదు, ఇంకా రాలేదు అనుకుంటూ ఊపుతున్నాను. ట్రే మొత్తం నల్లబడిపోయేదాకా నాకు తెలియలేదు."

"మరి ఆ పిల్లకి చెప్పారా?"

ఆయన వంగి చెప్పులు విప్పుకోవడం మొదలుపెట్టారు. ల్యాబులో సారు, అంటే భానుశ్రీ గైడు, మందులు సరిగ్గా కలపలేదని దాన్ని తిట్టారట. రాఘవ్‌జీ చేతిలో జెల్ పాడైందంటే ఎవరు నమ్ముతారు? ఆ పిల్ల కూడా నమ్మలేదు. తన తప్పే అనుకుంది.

ఆ ఆదివారం వచ్చి వంటింటి గుమ్మంలో కూర్చుని ఏడ్చింది. "నేనేం జేసిన్నో నాకే సమజైతలేదు ఆంటీ. అన్ని మందులు మళ్ల కొత్తగ కలిపిన. మూడుసార్లు కలిపిన. నా చేతులే మంచిగ లేవు."

ఆయన ముందుగదిలో పేపరు పట్టుకుని కూర్చున్నారు. చదవలేరని నాకు తెలుసు. నేను చారు కలుపుతున్నాను. నిజం నా నోటి దాకా వచ్చింది. "తినమ్మా, చల్లారిపోతుంది" అన్నాను.

ఆ రాత్రి ఆయనతో చెప్పాను, నేను చెప్పిన పెద్ద మాట అదొక్కటే. "కంటి ఆసుపత్రికి రాకపోతే నేను ఊరెళ్లిపోతాను." వస్తానన్నారు. శనివారం మధ్యాహ్నం రెండింటికి చీటీ దొరికింది.

ఆ శనివారం ఉదయం ఎనిమిదిన్నరకి ఫోను మోగింది. భానుశ్రీ.

"అంకుల్ ఉన్నరా ఆంటీ? రెండో జెల్ పొద్దుగాల్నే పెట్టిన. ఇంకో గంటల దిగుతది. అంకుల్‌నే రమ్మనుండ్రి. నేను ముట్టుకోను, నా చేతులతోని వద్దు."

ఆయన ఫోను అందుకుని "వస్తున్నానమ్మాయ్" అన్నారు. పెట్టేసి చొక్కా వేసుకోవడం మొదలుపెట్టారు.

"ఏమని వెళ్తున్నారు?" అన్నాను.

"పిలిచింది కదే."

"మీ కళ్ల సంగతి చెప్పి వెళ్లండి. లేకపోతే వెళ్లకండి."

"పొద్దున పూట బాగానే కనబడుతుంది. ఆ రోజు సాయంత్రమైంది, కిటికీలో వెలుగు లేదు."

"ఆ పిల్లనే ట్రే పట్టుకోమనండి. మీరు పక్కన నిలబడండి."

"అది వణికిపోతోంది. విన్నావుగా? తన చేతులు మంచివి కావనుకుంటోంది."

"ఎందుకనుకుంటోంది?"

చొక్కా గుండీలు పెట్టుకుంటున్న ఆయన చేతులు ఆగాయి. కింది గుండీ పై కాజాలో పెట్టుకున్నారు. నేను విప్పి సరిచేశాను. చీర మార్చుకుని, డాక్టరు చీటీ, టిఫిను సంచిలో పెట్టుకుని ఆయన వెంట బయల్దేరాను. రెండింటికి ఆసుపత్రికి అటునుంచటే వెళ్లాలి కాబట్టి ఆయన కాదనలేదు. బస్సులో గంటన్నర పక్కపక్కనే కూర్చున్నాం.

శనివారం కనుక ల్యాబు ఖాళీగా ఉంది. సారు మాత్రం నడవా చివర తన గదిలో ఉన్నారు, ఆ జెల్ సంగతి తేలాలని. భానుశ్రీ తలస్నానం చేసి, బొట్టు పెట్టుకుని, పరీక్షకి వెళ్లేదానిలా ఉంది. నన్ను చూసి "ఆంటీ, మీరు గూడ వచ్చిండ్రా! ఇగ మంచిగైతది" అంది. నేను కిటికీ దగ్గర ఎత్తుస్టూలు మీద కూర్చున్నాను.

ఆయన చేతులు కడుక్కుని తొడుగులు వేసుకున్నారు. వట్టి వేలు తగిలితే వేలిముద్ర కూడా జెల్ మీద నల్లగా పడుతుందట. గాజుపలకలు విప్పి, జెల్ మూల కింద నీళ్లు వదిలి, నలగకుండా ట్రేలోకి జార్చారు. చూపు లేకపోయినా ఆ చేతులకి అన్నీ తెలుసు. మందు పోయడం, ఊపడం, వంపడం, కడగడం. మళ్లీ మందు, మళ్లీ కడగడం. అలా రెండు గంటలకి పైగా సాగింది. కడిగిన ప్రతిసారీ నేను ఆయన మొహం చూశాను, ఇప్పుడు చెబుతారు, ఇప్పుడు చెబుతారని. ఆయన నా వైపు తిరగలేదు.

వెండినీళ్లలో నానుతుండగా భానుశ్రీ మంచినీళ్ల సీసా నింపుకురావడానికి బయటికి వెళ్లింది. నేను లేచి దగ్గరికి వెళ్లాను.

"ఇప్పుడైనా చెప్పండి."

"ఇవాళ బాగానే కనబడుతోందే."

"ఆ గోడ మీద గడియారం చూసి టైమెంతో చెప్పండి."

ఆయన గోడ వైపు తిరిగారు. తలని కొంచెం ఇటు, కొంచెం అటు వంచారు. "పన్నెండు" అన్నారు.

"ఒంటిగంటకి పది నిమిషాలుంది."

ఆయన మళ్లీ ట్రే వైపు తిరిగారు. నేనే అన్నాను. "ఆ పిల్ల రాగానే నేను చెప్పేస్తాను."

"అనసూయా." అంతే అన్నారు. బతిమాలుతున్నట్టూ లేదు, కోప్పడుతున్నట్టూ లేదు. ముప్పై ఏళ్లలో నన్ను పేరు పెట్టి పిలిచింది లెక్కపెట్టుకోవచ్చు. నేను వెనక్కి వెళ్లి స్టూలు మీద కూర్చున్నాను. తలుపు తెరుచుకుంది, భానుశ్రీ వచ్చింది. నేను నోరు తెరవలేదు.

ఆయన భానుశ్రీ చేత ట్రేని కిటికీ కిందికి జరిపించారు. అడుగున తెల్లకాగితం వేయించారు. ఎడమ చేతి దగ్గర ఆపే నీళ్ల గ్లాసు పెట్టుకున్నారు. వెనిగర్ వాసన గది అంతా నిండింది. వెండినీళ్లు వంపేసి, గబగబా కడిగి, డెవలపర్ పోశారు. పోయగానే పొగలాగా గోధుమరంగు లేచింది. అది వంపేసి మళ్లీ కొత్తది పోశారు. ట్రే రెండు అంచులూ పట్టుకుని మెల్లగా ఊపడం మొదలుపెట్టారు. ఇక గదిలో ఎవరూ మాట్లాడకూడదు. ఏసీ చప్పుడొక్కటే.

నేను స్టూలు దిగి ఆయన కుడిపక్కకి వచ్చాను. భానుశ్రీ ఎడమపక్కన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. జెల్ ఇంకా ఖాళీగానే ఉంది. పక్క వరసలో, పైనెక్కడో, గోరుతో గీసినట్టు ఒకటి లేచింది. దాని కింద రెండోది. తర్వాత మూడోది. ఏమీ లేనిచోట గీతలు పుట్టడం నేను చూడడం అదే మొదలు.

భానుశ్రీ వరసలో ఒక గీత, మధ్యలో, లావుగా పుట్టుకొస్తోంది. దానికి పైనా కిందా ఏమన్నా వస్తుందేమోనని ఆ పిల్ల చూస్తోంది.

నాలుగోది వచ్చింది. ఆయన చూపు ట్రే మీదే ఉంది. తల మళ్లీ కొంచెం ఇటు, కొంచెం అటు వంచుతున్నారు, ఇందాక గడియారానికి వంచినట్టే. నుదుటి మీద చెమట. ఏసీ ఉన్న గదిలో చెమట!

ఐదు. జెల్ అంచులకి లేత పసుపు పాకుతోంది. చెప్పాలి. ఇప్పుడు చెప్పాలి. మాట్లాడితే ఆయన చెయ్యి జారుతుందేమో. మాట్లాడకపోతే మొన్నటిలాగే అవుతుంది. భానుశ్రీ ఆయన మొహం చూసింది, ట్రే చూసింది, మళ్లీ నోరు మూసుకునే నిలబడింది. ఆయన నేర్పిన చదువది.

అప్పుడు ఆయన తల ఎత్తకుండా, ఊపడం ఆపకుండా గట్టిగా అడిగారు.

"అనసూయా, ఎన్ని వచ్చాయి?"

గదిలో బాంబు పడ్డట్టయింది. భానుశ్రీ చటుక్కున ఆయన వైపు తిరిగింది.

"ఐదు" అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు.

"గట్టిగా చెప్పు."

"ఐదు! ఆరోది... ఆరోది వస్తోంది."

"అమ్మాయ్, నువ్వూ చూడు. నాకు కనబడటం లేదు. మార్కర్ వరస, అడుగున. చూసి చెప్పండి ఇద్దరూ."

భానుశ్రీ ట్రే మీదికి వంగింది. దాని జడ వచ్చి ట్రే అంచుకి తగలబోతే నేను పట్టుకున్నాను.

"ఆరోది వచ్చింది అంకుల్" అంది. "ఏడోది లేదింక."

"చూస్తూ ఉండు."

పసుపు అంచుల నుంచి లోపలికి వస్తోంది. నాకు ఏడోది కనబడటం లేదు. నా కళ్లు కూడా పోయాయా అనిపించింది. ఆయన ఎడమ చెయ్యి గ్లాసు మీదికి వెళ్లి ఆగింది.

"అంకుల్, పసుపు అయితుంది..."

"ఏడోది చెప్పు. పసుపు సంగతి వదిలెయ్."

ఎంతసేపో తెలియదు. వెంట్రుకంత అన్నారు కదా. నిజంగా వెంట్రుకే అనుకున్నాను, భానుశ్రీ జడలోంచి రాలిందని. తుడవబోయి చెయ్యి ఆపుకున్నాను. తల వెంట్రుక అంత తిన్నగా ఉండదు.

"వచ్చింది!" అన్నాను. "ఉన్నది, ఉన్నది, పొయ్యుండ్రి!" అని అదే క్షణాన భానుశ్రీ అరిచింది.

ఆయన డెవలపర్ వంపి, గ్లాసులో నీళ్లు ఒక్క ఉదుటున పోశారు. బుసబుస బుడగలు వచ్చాయి. పసుపు అక్కడికక్కడే ఆగిపోయింది.

ఆయన ఆపే నీళ్లు కూడా వంపేసి మామూలు నీళ్లు పోసి, ట్రేని భానుశ్రీ ముందుకి జరిపారు. "నీ వరస చూసుకో. ఎన్ని?"

అది చాలాసేపు చూసింది. పైనుంచి కిందిదాకా, మళ్లీ కిందినుంచి పైదాకా. "ఒక్కటే" అంది. "ఒక్కటే ఉన్నది. పైన గూడ లేదు, కింద గూడ లేదు."

సంతోషించాల్సిన మాట. ఆ మొహంలో సంతోషం లేదు. ఆయన తొడుగులు తీసేసి రాతిబల్ల మీద చేతులానించి నిలబడ్డారు.

"మొన్నటిది నేనే పాడుచేశానమ్మాయ్. నీ మందులు బాగానే ఉన్నాయి. నాకు కనబడలేదు. చెప్పలేకపోయాను."

"ఎప్పటిసంది కనబడ్తలేదు?"

"చలికాలం నుంచి."

"పది దినాలసంది నేను మంచిగ నిద్రపోలే అంకుల్" అంది. మెల్లగానే అంది. "సార్ ముంగట తలకాయ వంచుకొని నిలవడ్డ. మీరు అక్కడ్నే ఉన్నరు, జూస్కుంట. ఆంటీ, మీకు గూడ ఎరుకేనా? నేను మీ వంటింట్ల కూసొని ఏడిస్తే మీకు ఎరుకేనా?"

తల దించుకున్నాను.

"ఇంకోటి చెప్పాలె" అంది. "మొన్న నల్లగైతుంటే నేను చూసిన. ఏడోది వచ్చుడు గూడ చూసిన. వచ్చినంక గూడ మీరు ఊపుతనే ఉన్నరు. చెప్పాలనుకున్న. ట్రే కాడ మాట్లాడొద్దన్నరు గద. రాఘవ్‌జీకి ఎరుక గద, నాకేం ఎరుక అనుకున్న. నా ఎదురుంగనే నల్లగైంది. నోరు మూస్కొని నిలవడ్డ."

ఆయన రాతిబల్ల అంచు పట్టుకుని స్టూలు మీద కూలబడ్డారు. అంతవరకూ తన కళ్ల వల్లే పాడైందనుకున్నారు. చూస్తున్న కళ్లు ఇంకో జత పక్కనే ఉన్నాయనీ, వాటి నోరు తానే కట్టేశాననీ అప్పుడే తెలిసింది. ఆయన మొహం చూడలేకపోయాను.

భానుశ్రీ చున్నీతో మొహం తుడుచుకుని బయటికి వెళ్లిపోయింది. టిఫిను విప్పాను. ఆయన వద్దన్నారు. ఐదు నిమిషాల తర్వాత ఆ పిల్ల మళ్లీ తలుపు దగ్గర కనబడింది. లోపలికి రాలేదు.

"సార్‌కు చెప్పాలె గద" అంది, ఎటో చూస్తూ. "పాండ్రి అంకుల్. నేను గూడ వస్త. నేను చూసిన ముచ్చట నేను చెప్పుకుంట."

ఆయన లేచారు. గుమ్మం దగ్గర మెట్టు ఉంది. భానుశ్రీ చెయ్యి అందించలేదు. "మెట్టున్నది" అని మాత్రం అంది. నన్ను చూసి, "ట్రే ఊపుతుండుండ్రి ఆంటీ, కడగాలె" అంది.

నేను ట్రే పట్టుకున్నాను. నడవాలో రెండు జతల చెప్పుల చప్పుడు, తర్వాత తలుపు చప్పుడు. సారు గొంతు ఒకసారి పెద్దగా వినబడి తగ్గిపోయింది. ట్రేలో ఆ పిల్ల ఐదేళ్లు నా చేతుల మధ్య ఇటూ అటూ కదులుతున్నాయి. చెయ్యి నొప్పి పుట్టింది. ఆపడానికి ధైర్యం చాలలేదు. అరగంటకి ఇద్దరూ తిరిగి వచ్చారు.

"ఇంకా ఊపుతున్నావా?" అన్నారాయన.

"ఆపమని ఎవరూ చెప్పలేదుగా."

భానుశ్రీ ట్రే నా చేతుల్లోంచి తీసుకుని ఫొటో గదికి వెళ్లింది.

ఆసుపత్రికి మూడున్నరకి చేరాం, ఆలస్యమైనా చూశారు. నరం దెబ్బతిందనీ, పోయిన చూపు రాదనీ, ఉన్నదాన్ని చుక్కలమందుతో కాపాడుకోవాలనీ అన్నారు. సారు ఆయన్ని సోమవారం నుంచి స్టోరుకి మార్చారు. మళ్లీ ట్రే పట్టుకోలేదు. వెండిరంగు వేసేటప్పుడు మాత్రం పిల్లలు ఆయన్ని పిలిచేవారు. ఆయన పక్కన నిలబడి "ఎన్ని?" అని అడుగుతుండేవారు, ట్రే పట్టుకున్నవాళ్లు పైకి చెబుతుండేవారు. భానుశ్రీ గడువులోనే థీసిస్ ఇచ్చేసింది. మా ఇంటికి రెండు నెలలు రాలేదు. ఆ తర్వాత ఒక ఆదివారం వచ్చి, పప్పు ఉందా ఆంటీ అంది.

ఆయన పోయే ముందు ఏడాది ఒకసారి అడిగారు. "ఆ రోజు నేను అడక్కపోతే నువ్వు చెప్పేదానివా?"

"చెప్పేదాన్ని" అన్నాను.

ఆయన నమ్మారు. నేను మాత్రం ఇప్పటికీ వంట చేసుకుంటూనో, బట్టలు ఆరేస్తూనో ఆ ట్రే పక్కన మళ్లీ నిలబడతాను. ఐదు గీతలు వచ్చేశాయి. నోరు పెగలటం లేదు. ఆయన అడగకుండా ఇంకొక్క నిమిషం గడిచి ఉంటే ఏం చేసేదాన్నో నాకు తెలియదు.